తెల్లవారితే ఆగే గడియారం

సుక్మా బస్టాండులో రాఘవులుకు రెండు రకాల కోపాలున్నాయని పేరు. మొదటిది మామూలు కోపం, పొద్దుటి టీ గొంతు దిగేసరికి అదీ దిగిపోతుంది. రెండోది గడియారం కోపం. అది వచ్చిందంటే డ్రైవర్లు ఆయన కంటబడకుండా బస్సుల వెనకనుంచి నడుస్తారు. డిసెంబరులో ఒక బుధవారం పొద్దున ఆ రెండో కోపం ఎవరి వెనకనుంచీ పోకుండా తిన్నగా వచ్చి నవీన బల్ల ముందు నిలబడింది.

నవీన బల్ల అంటే సతీష్ మొబైల్ దుకాణం అరుగు మీద మూడడుగుల చెక్క, దాని మీద ఒక అద్దాల పెట్టె. అంతే. నవీనకు నలభై దాటాయి. ఆమె తండ్రి సైకిలుకు పెట్టె కట్టుకుని కుంటా, దోర్నపాల్, సుక్మా సంతల్లో తిరుగుతూ గడియారాలు బాగుచేసేవాడు. పని ఆయన దగ్గరే నేర్చుకుంది. ఆయన పోయాక పెట్టెను సైకిలు మీదనుంచి దించి ఒకచోట కూర్చుంది. వచ్చేవన్నీ బ్యాటరీ గడియారాలే. బ్యాటరీ మార్చడం, బెల్టు కత్తిరించడం, ఇదీ రోజూ పని. కీ ఇచ్చే అసలు సిసలు యంత్రం ఏ రెండు మూడు నెలలకో ఒకటి వస్తుంది. అది వచ్చిన రోజు నవీన ముఖం చూసి సతీష్, "దీదీ ఇంటికి చుట్టాలొచ్చినట్టుంది" అని నవ్వుతాడు.

అలాంటి చుట్టమే రాఘవులు గడియారం. స్విట్జర్లాండులో చేసింది. తెల్లటి ముఖం, సన్నటి నీలి ముళ్ళు, చెవి దగ్గర పెట్టుకుంటే తేనెటీగ గొణిగినట్టు చప్పుడు. ముప్ఫై ఏళ్ళ కిందట బైలాడిలా గనుల్లో పనిచేసే గుంటూరు ఇంజనీరొకాయన బస్సులో కాగితాల సంచీ మర్చిపోతే, రాఘవులు దాన్ని తీసుకుని ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి ఇచ్చాడు. ఆయన తన చేతి గడియారం విప్పి ఈయన చేతికి పెట్టాడు. ఆనాటినుంచి బస్సుల ఏజెంటు రాఘవులు ఆ గడియారాన్ని సాకిన తీరు చూస్తే పసిపిల్లల తల్లులు సిగ్గుపడాలి. పొద్దున ఆరుకు పది నిమిషాలుందనగా లెక్కపెట్టి ఇరవైఅయిదు చుట్లు కీ ఇస్తాడు. చెయ్యి కడుక్కోవాలంటే ముందు దాన్ని విప్పి జేబులో పెట్టుకుంటాడు. మెత్తని పాత పంచె ముక్కతో రోజుకు రెండుసార్లు తుడుస్తాడు. పెళ్ళయి ముప్ఫై అయిదేళ్ళయినా ఆయన భార్యకు దాన్ని ముట్టుకునే అధికారం రాలేదు. సుక్మా నుంచి గీదం పోయే ఆరు గంటల బండి ఆ గడియారం చూసే కదులుతుంది. ఫోనులో ఆరయినా సరే, ఈయన చేతి మీద ఆరు కాకపోతే ఆరు కానట్టే.

"ఏం జేసినవే నా గడియారాన్ని?" అన్నాడు రాఘవులు. బస్టాండంతా ఇటు తిరిగింది.

"ఏమైంది బాబాయ్?"

"ఏమైందా! దసరా ముందల నీ చేతుల బెట్టిన, సాఫు చేసియ్యమని. బంగారం లెక్క నడిచే గడియారం. ఇప్పుడు పది దినాల సంది రోజూ తెల్లారేసరికి ఆగి ఉంటంది. ఒకనాడు మూడుంబావుకు, ఒకనాడు నాలుగ్గొట్టంగ. నేను చేతికి పెట్టుకున్న అరగంటకు మళ్ళ అదే లేస్తది. మొన్న ఆరుగంటల బండి పావుగంట లేటు పోయింది. జగదల్‌పూర్ తీస్కపోయి చూపిస్తే, మంచిగనే నడుస్తంది గదా అని నవ్విన్రు నన్ను. నువ్వు లోపలి అసలు సామాన్లు తీసి డూప్లికేటు ఏసినవ్!"

గడియారాలు బాగుచేసేవాళ్ళకు ఇంతకన్నా పెద్ద తిట్టు లేదు. పని రాదన్నా పడొచ్చు, ఆలస్యం చేసిందన్నా పడొచ్చు. సామాన్లు మార్చిందంటే దొంగ అన్నట్టే. నవీనకు తల కొట్టేసినట్టయింది. ఆమె నోరు తెరిచేలోపే ఇద్దరు మనుషులు బల్ల దగ్గరికి వచ్చి, బాగుచేయమని ఇచ్చిన తమ గడియారాలను బాగుచేయకుండానే వెనక్కి అడిగి తీసుకుపోయారు. వాళ్ళు ఆమె ముఖం చూడలేదు. లోపలినుంచి సతీష్ మెల్లగా, "దీదీ, రోజూ ఇదే గొడవైతే నా దుకాణానికి కూడా చెడ్డపేరే. ఏదో ఒకటి తేల్చుకో" అన్నాడు. వాడు మంచివాడే. అయినా ఆ మాట అన్నాడు.

నవీన లేచి నిలబడింది. కోపం వస్తే ఆమె గొంతు పెరగదు, తగ్గుతుంది.

"శనివారం పొద్దున, ఆరుగంటల బండికి ముందల, ఈడనే అందరి ముందల దాన్ని ఇప్పుత బాబాయ్. తప్పు నా చేతిదే అయితే ఈ బల్ల ఎత్తుకుని పోత. సుక్మాల మళ్ళ గడియారం ముట్ట. నా తప్పు కాకుంటే ఆ మాట మీరు ఈ జనం ముందలే చెప్పాలె."

"చెప్త. చెప్పకుంటే నా పేరు మార్చుకుంట."

"అప్పటిదాంక ఇంకెవ్వరు దాన్ని ఇప్పొద్దు. నేనిచ్చినంక ఎవరన్న ఇప్పిన్రా?"

"నేను తప్ప దాన్ని ముట్టే మొగోడెవడు?" అని గుండె చరుచుకుని వెళ్ళిపోయాడు రాఘవులు.

ధైర్యంగా అనేసింది గానీ, ఇంటికి వెళ్ళాక నవీనకు అన్నం సయించలేదు. సామాన్లు మార్చలేదని తనకు తెలుసు. కానీ గడియారం నిజంగానే ఆగుతోంది కదా. రాఘవులుకు నోరు పెద్దదే గానీ అబద్ధాలాడే మనిషి కాదు. పగలు నడిచి తెల్లవారుజామున ఆగిందంటే చలి పని. చలికి బిగుసుకునేది నూనె. ఆ నూనె వేసింది తనే. హైదరాబాదు నుంచి తెప్పించిన చిటికెనవేలంత సీసా అది. అందులో ఉన్నది నకిలీ నూనె అయితే? ఎవడో తనను మోసం చేసి ఉంటే, తను తెలియక రాఘవులును మోసం చేసినట్టే. బల్ల పోతే పోయింది, తండ్రి పేరు కూడా పోతుంది. ఆ ఆలోచనకు ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఏడిస్తే గడియారం నడవదు. పెట్టెలో ఉన్న తన పాత కీ గడియారాన్ని విప్పి, కడిగి, అదే సీసాలోని నూనె వేసి, చలి ఎంతో తెలియడానికి కంచంలో నీళ్ళు పోసి, నీళ్ళ మధ్యలో బోర్లించిన గిన్నె మీద పెట్టి పెరటి గోడ మీద ఉంచింది. గురువారం తెల్లవారి చూస్తే కంచంలో నీళ్ళు వేలు పెట్టలేనంత చల్లగా ఉన్నాయి. గడియారం మాత్రం నిక్షేపంగా నడుస్తోంది. నూనె అసలైనదే! నవీన ఆ చలిలో గోడ పక్కన నిలబడి ఒక్కతే నవ్వుకుంది. నవ్వు ఎంతోసేపు నిలవలేదు. నూనె మంచిదే, సామాన్లు అవే, పని తను చేసిందే. మరి ఆగుతున్నదెందుకు?

జవాబు శుక్రవారం పొద్దున పొయ్యి దగ్గర దొరికింది. తల్లి సారలమ్మకు చలికాలం కాళ్ళు పగుళ్ళు. పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుని, "బిడ్డా, ఆ ఇప్పనూనె సీసా అందియ్యి. గడ్డకట్టి ఉంటది, జర సెగకు పెట్టు" అంది.

ఇప్పగింజలు ఆడించిన నూనె. ఈ అడవి పట్టున అది లేని ఇల్లు లేదు. దీపానికి అదే, తలుపు కిర్రుమంటే అదే, కీళ్ళు పట్టేస్తే అదే. ఎండాకాలం నీళ్ళలా ఉంటుంది, చలికి నెయ్యిలా పేరుకుంటుంది. నవీన సీసాను పొయ్యి దగ్గర వంచి పట్టుకుంది. లోపలి పచ్చటి ముద్ద కాసేపు కదల్లేదు. తర్వాత అంచులు కరిగి, మెల్లగా జారి, ఒక్కసారిగా గలగలమంది. నవీన సీసాను మళ్ళీ దూరం పెట్టింది, మళ్ళీ దగ్గర పెట్టింది.

"ఏందే, నూనె ఎన్నడు చూడనట్టు చూస్తున్నవ్?"

"ఎన్నడు చూడలేదమ్మా. ఇయ్యాలే చూస్తున్న" అని తల్లి రెండు పాదాలూ పట్టుకుని తనే నూనె రాయడం మొదలుపెట్టింది. కూతురికి ఇంత ప్రేమ ఉన్నట్టుండి ఎందుకు పొంగిందో సారలమ్మకు అర్థం కాలేదు.

శనివారం పొద్దున బస్టాండులో మంచు దట్టంగా ఉంది. చెత్త పోగేసి మంట వేసుకుని డ్రైవర్లు చేతులు కాచుకుంటున్నారు. గీదం బండి ఎక్కాల్సినవాళ్ళు ఎక్కకుండా సతీష్ అరుగు ముందు చేరారు. ఉచితంగా చూడటానికి ఇంతకన్నా మంచి విషయం సుక్మాలో ఈ మధ్య జరగలేదు. రాఘవులు గడియారాన్ని అరచేతిలో తెచ్చి బల్ల మీద పెట్టాడు. మూడు గంటల యాభై నిమిషాల దగ్గర ఆగి ఉంది.

"సతీష్, నీ ఫోను కెమెరా నా కంటద్దానికి ఆనిచ్చి పట్టుకో. నేను చూసేది అందరు చూడాలె" అంది నవీన.

వెనక మూత తీసింది. ఫోను తెర మీద యంత్రం అరచెయ్యంత కనిపించింది. బంగారు రంగు చక్రాలు, వాటి ఇరుసులు దూరి తిరిగే ఎర్రటి రాళ్ళు. జనం "అబ్బో" అన్నారు. నవీన తన ఫోను తీసి, దసరా ముందు మూత బిగించేటప్పుడు తీసుకున్న ఫోటో పక్కన పెట్టింది. యంత్రం మీద చెక్కిన అంకె అదే, చక్రాల మీద గీతలు అవే. సామాన్లు మారలేదని అందరికీ తేలిపోయింది. రాఘవులు గొణిగాడు గానీ కాదనలేకపోయాడు.

"ఇగ ఇది చూడున్రి" అంటూ సూది మొనతో చూపించింది. ఒక చక్రం ఇరుసు చుట్టూ పచ్చగా, మైనంలా ఏదో పేరుకుని ఉంది. సూదితో కొంచెం తీసి, ముందు వరసలో బుట్టతో నిలబడ్డ లక్మే ముక్కు దగ్గర పెట్టింది. లక్మే సంతల్లో ఇప్పగింజలు అమ్ముకునే ముసలామె. ఆమె ఒక్కసారి పీల్చి పకపకా నవ్వింది.

"టోరా తేల్!" అంది హల్బీ భాషలో. ఇప్పనూనె.

ఇంతే, పని అయిపోయిందనుకుంది నవీన. కాలేదు. రాఘవులు ఒంటికాలి మీద లేచాడు.

"విన్నరా! మంచి నూనె తెప్పిస్తనని చెప్పి ఇంట్ల దీపం నూనె పోసింది! స్విట్జర్లాండు గడియారంల ఇప్పనూనె! సామాన్లు మార్చకపోతే ఏంది, ఇది మోసం కాదా?"

జనంలో గుసగుసలు లేచాయి. నవీన గుండె జారిపోయింది. గడియారాన్ని ఆపుతున్నది ఇప్పనూనె అని కనిపెట్టానన్న సంబరంలో, అది వేసింది తను కాదని ఎలా చూపించాలో ఆలోచించనే లేదు. తన బుద్ధికి తనే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది. ఏం చెయ్యాలో తోచక, చేతులకు అలవాటైన పనే చేసింది. కంటద్దం పెట్టుకుని మళ్ళీ లోపలికి చూసింది.

ఆ పచ్చటి మైనంలో ఒక ఎర్రటి నలుసు ఇరుక్కుని ఉంది.

తుప్పేమో అనుకుంది. సూది మొనతో నలుసును తీసి తెల్ల కాగితం మీద పెట్టి గోటితో రాసింది. కాగితం మీద నిగనిగలాడే ఎర్రటి గీత పడింది. నవీన ఆ గీతను చూసింది. తలెత్తి రాఘవులు ముఖం చూసింది. ఆయన నుదుట రోజూలాగే రూపాయి బిళ్ళంత బొట్టు ఉంది.

"బాబాయ్, ఇది కుంకుమ" అంది. గొంతు ఇప్పుడు తగ్గలేదు, బస్టాండంతా వినబడింది. "నేను గడియారాలు కడుగుత, నూనె పెడత. బొట్టు మాత్రం పెట్టను."

గీదం బండి డ్రైవరు కేసా మంట దగ్గరనుంచి లేచి వచ్చి తెరలోకి తొంగిచూశాడు. దోర్లా తెగ మనిషి, తెలుగు మనలాగే మాట్లాడతాడు. "బాబాయ్, ఆయుధపూజ నాడు మనం పానాలు, జాకీలు వరసగ పెట్టినం గదా. కోడి ఈకతోని అన్నిటికి నూనె పెట్టినవ్ గదా. కడకు నీ గడియారం గూడ పెట్టినట్టు యాదికుంది నాకు" అన్నాడు.

రాఘవులు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు.

"అది ఇప్పినట్టు గాదు! పూజ!"

"వెనక మూత తీసిన్రా లేదా?" అంది నవీన.

"తీసిన. బ్లేడు మొనతోని తీసిన. తియ్యకుండ పూజెట్ల జేస్తరు? లోపలున్నదే గదా కష్టపడేది! ఆ దినం ప్రతి పనిముట్టు ఒక చుక్క నూనె తాగాలె. జాకీకి పెట్టి, టైరు రాడ్డుకు పెట్టి, ముప్ఫై ఏండ్ల సంది అన్నం పెడుతున్న గడియారానికి పెట్టకుంటే దానికి మనసు కష్టం గాదా? ఏండ్లసంది పైననే రాస్తున్న. ఈసారి లోపల మంచిగ సాఫు చేయించిన గదా అని, లోపలనే ఒక్క చుక్క పెట్టిన!"

బస్టాండు పగలబడి నవ్వింది. లక్మేకు సగమే అర్థమైంది, అయినా అందరికన్నా ఎక్కువ నవ్వింది. దసరా వేడికి నూనె నీళ్ళలా ఉండి గడియారం నడిచింది, చలి ముదిరాక గడ్డకట్టి పట్టేసింది. ఆయన చేతి వేడికి కరిగి మళ్ళీ నడిచేది. జగదల్‌పూర్ చేరేసరికి ఎండ ఎక్కింది కాబట్టి అక్కడ రోగం దొరకలేదు. నవీన ఇదంతా విడమరిచి చెప్పింది. రాఘవులు తల వంచుకుని విన్నాడు. అంత ప్రేమగా సాకిన మనిషి చేతే దానికి చేటు జరిగిందంటే, నవ్వేవాళ్ళకు నవ్వుగా ఉంటుంది గానీ ఆయనకు కాదు. నవీనకు ఆయన మీద జాలి వేసింది. కోపం మాత్రం పూర్తిగా పోలేదు, పోవాల్సిన అవసరమూ లేదు.

"ఇప్పుడే ఏం చెప్పొద్దు బాబాయ్. దీన్ని బాగుచేస్త. రేపు తెల్లారి నడిస్తేనే నేను గెల్చినట్టు" అంది.

ఆ పొద్దుటి బండిని సతీష్ ఫోను చూసి పంపారు. రాఘవులు అటు తల కూడా తిప్పలేదు. బల్ల ముందు స్టూలు వేసుకుని కూర్చున్నాడు. నవీన ఒక్కో మర తీసి తెల్ల పింగాణీ గిన్నెలో వేసింది. ఒక్కో చక్రాన్ని పెట్రోలులో ముంచి, మెత్తటి కుంచెతో తోమి, రబ్బరు బుడ్డితో గాలి కొట్టి ఆరబెట్టింది. రాళ్ళలో ఉన్న సన్నని రంధ్రాలను చెక్కిన వెదురు పుల్లతో తిప్పి శుభ్రం చేసింది. మైనం ఒక్క పిసరు మిగిలినా మళ్ళీ మొదటికొస్తుంది. అందుకే కడిగినదాన్నే ఇంకోసారి కడిగింది. చివర తన సీసాలోని నూనెను సూది మొనకు తాకించి, ఏ ఇరుసుకు ఎంత కావాలో అంతే పెట్టింది.

"గింతేనా? చీమకు గూడ చాలదు" అన్నాడు రాఘవులు ఉండబట్టలేక.

"దీనికి చాలు. ఎక్కువైతే మురికి పడతది. కొన్ని చక్రాల పండ్లకైతే చుక్క కూడ తగలొద్దు. దినాం కీ ఇయ్యున్రి, తుడవున్రి, నీళ్ళకు దూరం పెట్టున్రి. అది మీ పని. మూత లోపలిది నా పని."

మధ్యాహ్నం బల్ల మీద చిన్న చక్రం ఒకటి ఇటూ అటూ ఊగి, ఆగకుండా ఊగడం మొదలుపెట్టింది. ఎన్ని గడియారాలు చూసినా ఆ క్షణంలో నవీనకు ఒళ్ళు పులకరిస్తుంది. మూత బిగించింది. సాయంత్రం ఆ గడియారాన్ని టికెట్ కిటికీ ఇనుపచువ్వల మధ్య, మంచు నేరుగా పడే చోట పెట్టారు. బస్సులో పడుకునే కేసా కాపలా తనదన్నాడు.

ఆదివారం ఇంకా చలి ఎక్కువైంది. నవీన వచ్చేసరికి జనం ముందురోజుకన్నా ఎక్కువున్నారు. వెనక్కి తీసుకున్న గడియారాలు పట్టుకుని ఆ ఇద్దరూ కూడా ఉన్నారు. గడియారం అద్దం మీద మంచు పట్టి ముళ్ళు కనిపించడం లేదు. నవీన ముట్టుకోలేదు. "మీరే చూడున్రి" అంది.

రాఘవులు దాన్ని తీసి చెవికి ఆనించుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. కేసా ఉండలేక, "ఏంది బాబాయ్, ఉన్నదా పోయిందా?" అన్నాడు. రాఘవులు కళ్ళు తెరిచి, పంచె ముక్కతో అద్దం తుడిచి, అందరికీ చూపించాడు. ఆరుకు రెండు నిమిషాలు. సతీష్ ఫోనులోనూ ఆరుకు రెండు నిమిషాలే. సెకన్ల ముల్లు దర్జాగా తిరుగుతోంది. డ్రైవర్లు ఈలలు వేశారు. నవీన చేతులతో ముఖం కప్పుకుంది. నాలుగు రోజులుగా బిగబట్టిన ఏడుపంతా అప్పుడు వచ్చింది, నవ్వుతో కలిసి వచ్చింది.

రాఘవులు గబగబా టికెట్ గదిలోకి వెళ్ళాడు. మైకు గరగరమంది. గీదం బండి పిలుస్తాడనుకున్నారు.

"ఎక్కేటోళ్ళు, దిగేటోళ్ళు, అందరు వినున్రి" అంది బస్టాండు నిండా ఆయన గొంతు. "బుధవారం నాడు ఈ రాఘవులు ఒక మనిషిని దొంగ అన్నడు. తప్పు. నా గడియారం చెడగొట్టింది నేనే. బాగుచేసింది నవీన మిస్త్రీ. మళ్ళ చెప్తున్న, నవీన మిస్త్రీ. జగదల్‌పూర్ల దొరకని రోగం సుక్మాల దొరికింది. గడియారం ఉన్నోళ్ళు సతీష్ దుకాణం ముందల మిస్త్రీ దగ్గరికి పోవాలె."

సుక్మాలో మిస్త్రీ అంటే మగవాళ్ళే. ఇంజను విప్పేవాడు మిస్త్రీ, గోడ కట్టేవాడు మిస్త్రీ. నవీనను ఇన్నేళ్ళూ ఘడీవాలీ అనో, దీదీ అనో, ఏయ్ పిల్లా అనో పిలిచారు. ఆ మాట విన్నాక ఆమె ముఖం మీదనుంచి చేతులు తీసి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, నిటారుగా నిలబడింది. మైకులో ఆయన అదే మాట హిందీలో చెప్పాడు. తర్వాత హల్బీలో. చివరికి వచ్చీరాని గోండీలో కూడా చెప్పాడు, సగం తప్పులతో.

గీదం బండి ఆ రోజు నాలుగు నిమిషాలు ఆలస్యంగా కదిలింది. ఎక్కినవాళ్ళలో ఒక్కరూ అడగలేదు. రాఘవులు తన గడియారంలో ఆ నాలుగు నిమిషాలూ చూసి కూడా, కేసాకు చెయ్యి ఊపి, తొందర లేదన్నాడు.